షుగర్ బిళ్ళ

ఆ ఇంట్లో వస్తువులను అసలు పేర్లతో పిలవడం నామోషీ. టీవీ రిమోటు ‘నొక్కుడుది’, ఇస్త్రీపెట్టె ‘కాల్చేది’, తలుపు గొళ్ళెం ‘టక్కుది’. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు పొయ్యి దగ్గర నుంచి “ఆ ముక్కుది ఇటివ్వమ్మాయ్” అంటే, పాపం తన ముక్కుకేమైందోనని తడుముకుంది. ముక్కుది అంటే కెటిల్ అని తెలిసేసరికి పాలు పొంగిపోయాయి. డిగ్రీ మొదటి తరగతిలో పాసైన మనిషికి ఈ భాష పట్టుబడటానికి ఏడాది పట్టింది. పట్టుబడ్డాక అందరికన్నా ధారాళంగా ఆమే మాట్లాడింది. చిక్కల్లా అక్కడే ఉంది. ఇంటి భాష బాగా వచ్చేసిన వాళ్ళకి మాట చెవిన పడుతుందే గాని, దాని దగ్గర ఒక్క క్షణం ఆగే అలవాటు పోతుంది.

ఆ భాషలో ‘షుగర్ బిళ్ళ’కు రెండు అర్థాలు. మామగారికి షుగరు జబ్బు. పొద్దున్నే పలహారానికి ముందు వేసుకునే మందు షుగర్ బిళ్ళ. ఆ జబ్బు మూలంగా కాఫీలో పంచదార మానేసి, దాని బదులు వేసుకునే తీపి బిళ్ళ కూడా షుగర్ బిళ్ళే. రెండూ చిన్నవే, రెండూ తెల్లనివే. ఒకటి ఒంట్లో తీపి తగ్గించేది, ఇంకొకటి నోటికి తీపి తగిలించేది. ఏది ఏదన్న అనుమానం ఎవరికీ రాలేదు. కాఫీ పక్కనుంటే అది, పలహారం పక్కనుంటే ఇది.

మామగారు గడియారాలు బాగుచేస్తారు. ముందుగదిలో కిటికీ కింద ఆయన బల్ల, బల్ల మీద ఒక అర, ఆ అర మీద వరసగా గాజుమూతల గుండ్రటి డబ్బాలు. మేకుల కన్నా సన్నటి మరలు ఒకదాంట్లో, స్ప్రింగులు ఒకదాంట్లో, పళ్ళచక్రాలు ఒకదాంట్లో. మందుల అట్టల మీది రేకు చిరిగే చప్పుడు వింటే ఆయనకు పళ్ళు జివ్వుమంటాయి. అందుకని మందులు తెచ్చిన రోజునే బిళ్ళలన్నీ ఒలిచి, అలాంటివే రెండు డబ్బాల్లో పోసేసేవారు. ఎడమది కాఫీకి, కుడిది జబ్బుకి. వాటి మీద కాగితం ముక్కలు అంటించనా అని కోడలు ఒకసారి అడిగింది. “గడియారంలో పన్నెండు ఎక్కడుంటుందో రాసిపెట్టుకుంటామా అమ్మాయ్? నా చేతికి కళ్ళున్నాయి” అన్నారాయన. ప్రపంచంలోని గడియారాలన్నిటి మీదా పన్నెండు ఎక్కడుందో రాసే ఉంటుందని కోడలి నాలిక చివరిదాకా వచ్చింది. మామగారి ముందు నాలిక చివర ఆపుకోవడం కూడా ఆ ఇంటి భాషలో భాగమే గనుక మింగేసింది.

ఆయన మనవరాలు బుడంకాయ. ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు. మూడో ఏడే నడుస్తున్నా నోట్లో నువ్వుగింజ నానదు. రోజూ తాత ఒళ్ళోకెక్కి, పళ్ళచక్రాల లెక్క తప్పించి, దిగేటప్పుడు చెయ్యి చాచేది. ఆయన ఎడమ డబ్బాలోంచి ఒక తీపి బిళ్ళ తీసి అరచేతిలో పెట్టేవారు. దాన్ని తాతా మనవరాలూ ‘జీతం’ అనేవారు. పళ్ళు పుచ్చిపోతాయని కోడలంటే, ఇది పంచదార కాదుగా, పుచ్చడానికేముంది అని అత్తగారు న్యాయం చెప్పింది.

ఆ రోజు పొద్దున పలహారమయ్యాక మామగారు స్నానానికి వెళ్ళినప్పుడు కోడలు ఆ అర తుడిచింది. డబ్బాలన్నీ చీరకొంగులోకి దించుకుని, దుమ్ము దులిపి, మళ్ళీ వరసగా పేర్చింది. వరస చక్కగా కుదిరింది. ఎంత చక్కగా అంటే, ఆమె కాస్త దూరం నిలబడి చూసి ముచ్చటపడింది.

కాసేపటికి బుడంకాయ వంటింట్లోకి వచ్చి, ఇవాళ జీతం తియ్యగా లేదని ఫిర్యాదు చేసింది.

“ఎవరికీ జీతం తియ్యగా ఉండదే తల్లీ. మీ నాన్ననడుగు” అంది కోడలు, కూరగాయలు తరుగుతూ. తన మాట తనకే నచ్చి నవ్వుకుంది కూడా. పిల్ల మళ్ళీ ముందుగదిలోకి పరిగెత్తింది. మామగారు కంటికి భూతద్దం బిగించుకుని, ఆడవాళ్ళ చేతిగడియారమొకటి పొట్ట విప్పి కూర్చుని ఉన్నారు. ఆ పనిలో ఉన్నప్పుడు ఆయన తల తిప్పరు. తియ్యగా లేదు, ఇంకోటి కావాలి అని పిల్ల గునిసింది. కళ్ళున్న ఆ చెయ్యి ఎడమవైపుకి వెళ్ళి, ఇంకొకటి తీసి ఇచ్చింది. పిల్ల దాన్ని కూడా మింగి, ఈ ఇంట్లో న్యాయం లేదన్న మొహంతో బొమ్మల దగ్గరికి పోయింది.

భోజనాల దగ్గర బుడంకాయ పేచీ పెట్టింది. ఎత్తుకోమంది, ఎత్తుకుంటే దింపమంది. ముద్ద నోట్లో పెడితే మింగకుండా బుగ్గన పెట్టుకుంది. దిష్టి తగిలిందో, పన్ను వస్తోందో అని అత్తగారు రెండు రోగనిర్ణయాలు చేసింది. ఇంతలో పిల్ల తల్లి భుజం మీదే జోగి, నిద్రలోకి జారింది.

మధ్యాహ్నం నిద్ర అనేది బుడంకాయ పుట్టాక ఆ ఇంట్లో ఎవరూ చూడని వింత. అందరూ పండగ చేసుకోవలసిందే గాని, చప్పుడవుతుందని మానుకున్నారు. అత్తగారు టీవీ నోరు మూయించి బొమ్మలు మాత్రం చూసింది. మామగారు సుత్తితో చేసే పని పక్కన పెట్టి పట్టకారు పని తీసుకున్నారు. ఎవరో గడియారం ఇవ్వడానికి వచ్చి కాలింగ్ బెల్ మీద వేలు పెట్టబోతే, అత్తగారు కిటికీలోంచే చేతులూపి ఆ మనిషిని వెనక్కి పంపింది. చీమ చిటుక్కుమన్నా ఊరుకునేలా లేరు. ఒక ఇల్లు ఇల్లంతా పిల్లి అడుగులు వేస్తూ, ఒక పిల్లని లేవకుండా కాపలా కాసింది.

కోడలు మధ్యలో వెళ్ళి చూసింది. పిల్ల జుట్టు తడిసి నుదుటికి అతుక్కుని ఉంది. తలగడ కూడా తడిగా ఉంది. ఉక్కపోస్తోందనుకుని ఫ్యాను ఒక అంకె పెంచింది. చెంప తాకితే చల్లగా తగిలింది. చెమట పట్టిన ఒళ్ళు చల్లగా కాక వెచ్చగా ఉంటుందా అని తనకు తనే జవాబు చెప్పుకుని, తలుపు దగ్గరగా వేసి వచ్చింది. ఆ తర్వాత చాలా రోజుల పాటు ఆమెకి చెంపలు వాయించుకోవాలనిపించింది ఆ ఫ్యాను గురించే. చల్లబడిపోతున్న పిల్లకి విసిరి మరీ వచ్చింది.

కాఫీ వేళయింది. కోడలు కప్పు తెచ్చి బల్ల మీద పెట్టింది. మామగారు బిళ్ళ వేసుకుని కలిపి, ఒక గుక్క తాగి, మొహం చిట్లించి ఇంకొకటి వేసుకున్నారు. సగం కప్పు తాగాక, గుసగుసగా అన్నారు.

“అమ్మాయ్, ఈ షుగర్ బిళ్ళలు కల్తీవి. కరగనే లేదు చూడు. తీపే లేదు.”

పిల్ల లేస్తుందని గుసగుస. కోడలు కూడా గుసగుసగానే, షాపువాడిని మారుద్దాం లెండి అంటూ చెంచాతో కప్పు అడుగు కలిపి చూసింది. సున్నంలాంటి మడ్డి. అందులో ఇంకా కరగని సగం బిళ్ళ. ఆ బిళ్ళ మీద నడుమ ఒక గీత ఉంది.

తీపి బిళ్ళ మీద గీత ఉండదు. దాన్ని ఎవరూ సగానికి విరుచుకోరు. సగానికి విరుచుకునేది మందు.

తియ్యగా లేదు అన్న మాట ఆ రోజు అంతకుముందే ఒకసారి వింది తను. విని నవ్వింది.

“మామయ్యా, పొద్దున పాపకి జీతం దేంట్లోంచి ఇచ్చారు?”

ఆయన చూడకుండానే ఎడమ డబ్బా మీద వేలు పెట్టారు. చూడకుండా పెట్టిన ఆ వేలు అక్కడే ఉండిపోయింది. కోడలు మూత తీసింది. అన్నిటి మీదా గీతలే.

ఆమె గదిలోకి వెళ్ళి, కూతుర్ని పేరు పెట్టి పిలిచింది. మధ్యాహ్నం నుంచి ఆ ఇంట్లో వినిపించిన మొదటి పెద్ద గొంతు అదే. భుజం పట్టి కుదిపింది. తల ఒక పక్కకి వాలి, అలాగే ఉంది. బుడంకాయ లేవలేదు.

అంబులెన్సు నంబరుకి ఫోను చేస్తే అవతల ఒకామె ఎత్తింది. ఆమె గొంతులో కంగారు లేదు. ఏం మింగిందని అడిగింది. షుగర్ బిళ్ళ అంది కోడలు.

“షుగరు జబ్బుకి వాడే మందా, కాఫీలో వేసుకునే తీపి బిళ్ళా? ఏది?”

ఆ ఇంట్లో ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. మందే అని చెప్పింది కోడలు. ఊపిరి ఆడుతోందా అంటే ఆడుతోందంది. పక్కకి తిప్పి పడుకోబెట్టమనీ, బిళ్ళలున్న డబ్బాలు రెండూ వెంట తెమ్మనీ అవతలామె చెప్పింది.

ఈలోగా అత్తగారు ఒక చేత్తో ఉప్పునీళ్ళ గ్లాసు, ఇంకో చేత్తో పంచదార నీళ్ళ గ్లాసు పట్టుకొచ్చింది. ఒకటి కక్కించడానికి, ఒకటి కోలుకోవడానికి. ఏ గ్లాసు ముందన్నదే ఆవిడ సందేహం. ఆవిడ అది పైకే అడగడం ఫోనులో ఆమెకి వినబడినట్టుంది.

“ఏమీ పొయ్యొద్దండీ. తెలివి తప్పిన పిల్ల నోట్లో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎవరు పోస్తానన్నా మీరు అడ్డం కూర్చోండి.”

కోడలు అడ్డం కూర్చుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్తగారికి ఎదురుగా అలా కూర్చోవడం అదే మొదలు. అత్తగారు రెండు గ్లాసులూ పట్టుకుని గోడకి చేరబడింది.

అంబులెన్సులో వచ్చినతను ముందుగా పిల్ల వేలు పొడిచి రక్తపుచుక్క తీశాడు. గోరుకింద ముల్లు దిగితే వీధి మొత్తానికి చెప్పి ఏడ్చే పిల్ల, సూది దిగినా వేలు వెనక్కి తీసుకోలేదు. ఆ చిన్న మిషను అంకె చూపలేదు. రెండు ఇంగ్లీషు అక్షరాలు వెలిగించి ‘లో’ అంది. కొలవడానికి కూడా చిక్కనంత తక్కువ అని అర్థమట. తెలుగులో చదువుకున్న కోడలికి అదేదో మధ్యలో తెగిపోయిన మాటలా కనబడింది. ఎందులో, దేనిలో అన్నది ఇంకా చెప్పాల్సి ఉన్నట్టు.

బండి కదిలిన కాసేపటికి పిల్ల ఎడమ చెయ్యి కొట్టుకోవడం మొదలుపెట్టింది. తర్వాత కాలు. తర్వాత ఒళ్ళంతా. అతను పిల్ల పాదం పట్టుకుని నరం కోసం వెతికాడు. మొదటిసారి దొరకలేదు. రెండోసారి దొరికింది. గ్లూకోజు ఎక్కిస్తూ, బండి తోలే మనిషితో మెల్లిగా పోనిమ్మన్నాడు, మళ్ళీ వెంటనే వద్దు, తొందరగానే పోనిమ్మన్నాడు. ఆ రెండు మాటల మధ్య కోడలు మొక్కని దేవుడు లేడు.

ఆసుపత్రిలో అత్యవసర విభాగంలో ఒక డాక్టరమ్మ ఉంది. చిన్న వయసు, అరిగిపోయిన చెప్పులు, మాట మాత్రం సూదిలా ఉంది. ఎన్ని మింగిందని అడిగితే, అత్తగారితో కలిసి వెనకాలే ఆటోలో వచ్చిన మామగారు రెండు అన్నారు. పిల్ల తనంతట తాను ఇంకేమన్నా తీసిందా అంటే తను తల తిప్పి చూడలేదన్నారు. ఆ బిళ్ళ పేరేమిటంటే షుగర్ బిళ్ళ అనే చెప్పారు, ఎందుకంటే ఆయనకు తెలిసిన పేరు అదొక్కటే. అట్టలేమో ఎప్పుడో చెత్తబుట్టలోకి పోయాయి.

“షుగరు మందుల్లో పది రకాలున్నాయండీ. కొన్నిటికి ఇలా కాదు. పేరు కావాలి నాకు” అంది డాక్టరమ్మ.

కోడలు భర్త పని మధ్యలో వదిలేసి మందుల షాపుకి పరిగెత్తి, అక్కణ్ణుంచి ఫోను చేశాడు. షాపతను పేరు చెప్పాడు. డాక్టరమ్మ ఆ పేరు విని, పెదవి లోపలికి మడుచుకుంది. అది ఒకరోజంతా పనిచేసేలా చేసిన బిళ్ళట. పెద్దవాళ్ళకి సుఖం, పొద్దున ఒకటేసుకుంటే చాలు. ఒంట్లో ఉన్న చక్కెరని అదేపనిగా తోడేస్తూ ఉంటుంది. పిల్లలకైతే ఒక్కటి కూడా ఎక్కువే.

“ఎంతసేపటి నుంచి ఇలా ఉంది?”

భోజనాలయ్యాక నిద్రపోయిందని చెప్పారు.

“నిద్ర ఎప్పటిదాకా? ఇది ఎప్పటి నుంచి? మెదడుకి తిండి చక్కెరేనమ్మా. ఎంతసేపు పస్తు ఉందో తెలిస్తే, ఎంత నష్టమో అంచనా వెయ్యొచ్చు.”

ఎవరికీ తెలియలేదు. నిద్ర అయిపోయి మరొకటి మొదలైన గడియ ఆ నిశ్శబ్దంలో ఎక్కడో ఉంది. దాన్ని అందరూ కలిసి చెదరకుండా కాపాడారు.

డబ్బా మీద తన చెయ్యే మోసం చేసిందని మామగారు డాక్టరమ్మతో చెప్పబోయారు. కోడలు అడ్డుపడి, ఆ చెయ్యి ఎప్పటి చోటికే వెళ్ళిందనీ, డబ్బాలు తుడిచి అటుది ఇటు పెట్టింది తనేననీ చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె గొంతు వణకలేదు. వణకడానికి కూడా తీరిక లేదు.

“తిలాపాపం తలా పిడికెడు” అంది అత్తగారు. “లేపొద్దని ఇంటిల్లిపాదినీ నోరు మూయించింది నేను. నా పిడికెడు నా దగ్గరుంది. ఇప్పుడు ఆసుపత్రిలో పంపకాలు పెట్టకండి.”

అప్పుడే నర్సుకి ఒక సంగతి తట్టింది. కాఫీలో వేసిన రెండు బిళ్ళలు ఎవరు తాగారని అడిగింది. పొద్దున వేసుకోవలసినది కాక మళ్ళీ రెండా అని మామగారిని కూర్చోబెట్టి వేలు పొడిచింది. ఆయన అంకె కూడా కిందికే దిగుతోంది. మనవరాలికి అవతలి మంచం మీద ఆయన్నీ పడుకోబెట్టారు. ఆయన అభ్యంతరం చెప్పలేదు. చేతులు రెండూ దుప్పటి కింద దాచుకుని, పక్క మంచం వైపే చూస్తూ ఉండిపోయారు.

సాయంత్రం అవుతుండగా బుడంకాయ కళ్ళు తెరిచింది. కాసేపు పైకప్పు చూసింది. తర్వాత ఏడ్చింది. పల్చటి, పరాయి ఏడుపు. అందులో ఒక్క మాట లేదు. అయినా అందరికీ ప్రాణం లేచొచ్చింది. పరుగున వచ్చిన కోడలు భర్త పిల్లని చూసి, హమ్మయ్య, ఇక ఇంటికి తీసుకుపోదామా అన్నాడు. ఆసుపత్రి గాలికి లేని జబ్బులు అంటుకుంటాయని అత్తగారు వంతపాడింది.

డాక్టరమ్మ పిల్ల కనురెప్పలు చూస్తూ, తలెత్తకుండానే చెప్పింది. “మనం పోసింది అరగంట తిండి. ఆ బిళ్ళ చేసే పని రేపటిదాకా. ఇంటికి తీసుకెళితే దారిలోనే మళ్ళీ పడిపోతుంది.”

కోడలు భర్త ఇంకేదో అనబోయాడు. కోడలు అతన్ని చూసిన చూపుకి ఆ మాట అక్కడే మానేశాడు. ఆమె మంచం పక్క స్టూలు లాక్కుని కూర్చుంది. పిల్ల మాట్లాడలేదు. అమ్మా అని పిలవలేదు. బుడంకాయ్, ఇదెవరే అని మామగారిని చూపిస్తే, చూపు అటు వెళ్ళింది గాని అక్కడ ఆగలేదు. పొద్దున ఇదే నోరు జీతం గురించి పోట్లాడింది. ఆ నోటిని ఎన్నిసార్లు ‘ఒక్క నిమిషం మూసుకోవే’ అని ఉంటుందో, కోడలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టి మానేసింది.

గంటగంటకీ వేలు పొడవాలని నర్సు చెప్పింది. రెండుసార్లు అంకె బాగానే వచ్చింది. మూడోసారికి ఇంకా వేళ కాలేదు. పిల్ల దుప్పటి అంచు పీకుతూ ఉంది. పీకడం ఆపింది. కళ్ళు మూతలు పడ్డాయి. అలిసిపోయింది, నిద్రపోనియ్ అంది అత్తగారు, అనేసి తన మాటకి తనే ఉలిక్కిపడింది. కోడలు వంగి చూసింది. పిల్ల పైపెదవి మీద సన్నగా, ఆవగింజల్లా చెమట.

“సిస్టరమ్మా, ఇప్పుడే పొడవండి.”

ఇంకా వేళ ఉందంది నర్సు. కోడలు లేచి నిలబడింది. నర్సు ఇంకేం మాట్లాడకుండా పొడిచింది, అంకె చూసింది, డాక్టరమ్మ కోసం పరిగెత్తింది. మళ్ళీ గ్లూకోజు ఎక్కించారు. ఈసారి దానితోపాటు ఇంకో ఇంజెక్షను ఇచ్చారు. తోడేసే ఆ బిళ్ళ చెయ్యి పట్టుకుని ఆపేది అదేనట. అది మందుల గదిలో నిండుకుంటే వేరే ఆసుపత్రి నుంచి తెప్పించి పెట్టింది డాక్టరమ్మ. ఇది పనిచేస్తుందా అని కోడలు అడిగింది. చక్కెర వరకు చేస్తుందంది డాక్టరమ్మ. మిగతాది అన్న మాట ఆమె అనలేదు, కోడలు అడగలేదు.

తెల్లవారింది. అంకెలు నిలబడ్డాయి. మామగారివి కూడా నిలబడ్డాయి, ఆయన సంగతి ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఆయనా పట్టించుకోలేదు. గ్లూకోజు సీసా బొట్లు తగ్గించారు. పిల్ల పాలు తాగింది. తాగి, గ్లాసు వైపు చూసి, ఊరుకుంది. మాట లేదు.

డాక్టరమ్మ రాత్రంతా నిలబడ్డ కాళ్ళతోనే వచ్చి మంచం అంచున కూర్చుంది. పిల్ల మొహం ముందు వేలు అటూ ఇటూ తిప్పింది. చూపు వెంట వచ్చింది. కోడల్ని చూపించి, “ఈవిడెవరమ్మా?” అని అడిగింది.

బుడంకాయ తల్లిని చూసింది. చాలాసేపు చూసింది. కోడలు స్టూలు అంచు పట్టుకుంది. అవతలి మంచం మీద మామగారు దుప్పటి తీసేసి కూర్చున్నారు. పిల్ల చూపు తల్లి మొహం మీంచి డాక్టరమ్మ మెడలోని గొట్టం మీదికి, అక్కణ్ణుంచి వెనక ట్రే పట్టుకు నిలబడ్డ నర్సు మీదికి పోయింది. మొహం ముడుచుకుంది.

“పో” అంది.

డాక్టరమ్మ వెనక్కి తిరిగి, ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడుతుందా అని అడిగింది.

“ఇంతకన్నా అన్యాయంగా మాట్లాడుతుంది” అంది అత్తగారు. అని, చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మ నవ్వలేదు. మంచిదేనంది. ఒక్క మాటతో అన్నీ తేలవనీ, నడక చూడాలనీ, కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ తీసుకొచ్చి చూపించాలనీ, ఇవాళ సాయంత్రం దాకా పొడుస్తూనే ఉంటామనీ చెప్పింది. కోడలు అన్నిటికీ తలూపింది. నర్సు సూది విప్పి ముందుకొచ్చింది.

సూది చూడగానే బుడంకాయ చెయ్యి వెనక్కి లాక్కుని వీపు కింద దాచింది. కోడలు ఆ చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. పిల్ల గింజుకుంది. కాలెత్తి తన్నింది. తల్లికి ఒక చెయ్యి చాలలేదు. రెండో చెయ్యి కూడా వేసి, ఒళ్ళంతా మోపి పట్టుకోవలసి వచ్చింది. పిల్ల ఇంకొంచెం గట్టిగా లాక్కుంటే బాగుండునన్న ఆశతోనే, ఆమె ఆ చెయ్యి వదలకుండా పట్టుకుంది.